కుంభవృష్టి, ఎండ, ఉప్పెన: మహానగరం ముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

2011 జులై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో రెండు గంటల్లోనే దాదాపు 150 మిల్లీమీటర్ల వాన కురిసింది. సెల్లార్లు నిండిపోయాయి, పెద్ద పెద్ద రోడ్లు మూసేయాల్సి వచ్చింది, నష్టం దాదాపు వంద కోట్ల డాలర్లని తేలింది. డబ్బు లేక డ్రైనేజీని గాలికొదిలేసిన ఊరు కాదది. పైపులు ఎంత వానకని వేశారో అంతకు మించి పడింది, అంతే. ఆ తర్వాత అక్కడి నగరపాలక సంస్థ వేసుకున్న లెక్క ఏ మహానగరానికైనా పనికొస్తుంది. ఊరంతా తవ్వి పైపులన్నీ పెద్దవి వేయడమా, లేకపోతే అంత వాన ఎలాగూ పైపుల్లో పట్టదని ఒప్పుకుని, మిగిలిన నీళ్లు ఏ రోడ్డు మీదుగా పారాలో, ఏ పార్కులో ఆగాలో తామే నిర్ణయించడమా? రెండో దారే చవకని తేలింది. 2012లో ప్లాన్ ఖాయం చేశారు. ఇరవై ఏళ్లలో దాదాపు 300 పనులు చేయాలి, వందేళ్లకోసారి వచ్చేంత పెద్ద వాన పడినా రోడ్ల మీద నీళ్లు పది సెంటీమీటర్లకు మించి నిలవకూడదు.

ఈ లక్ష్యాన్ని ఇంకోసారి చదవాలి. నీళ్లు అసలు నిలవకూడదని అందులో లేదు, ఎంత ఎత్తున నిలవచ్చో ఉంది. వాతావరణ మార్పును తట్టుకోవడం గురించి ఎన్ని పెద్ద మాటలు చెప్పుకున్నా పని మొదలయ్యేది ఇలాంటి అంకె దగ్గరే. ఏది మునిగినా ఫర్వాలేదు, ఏది మునగకూడదు, ఏది ఆగిపోయినా బతకొచ్చు, ఏది ఒక్క గంట కూడా ఆగకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఆ నిర్ణయం వానే తీసుకుంటుంది, అప్పుడది దాదాపు ఎప్పుడూ పల్లంలో ఉన్న పేదవాడి ఇంటి మీదే పడుతుంది.

వాన తీరు ఎందుకు మారుతోందో చెప్పడానికి పెద్ద సైన్స్ అక్కర్లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందుకే ఏడాది మొత్తం వానలో పెద్ద తేడా లేకపోయినా, పడ్డప్పుడు మాత్రం గంటలో కుమ్మరించి పోయే వానలు పెరుగుతున్నాయి. మరోవైపు నగరాల్లో వరద కాలువల సైజు లెక్కగట్టేది పాత వర్షపాతం రికార్డులను బట్టి. ఆ రికార్డులు ముప్పై నలభై ఏళ్ల కిందటివైతే, ఈ రోజు కొత్తగా కట్టిన కాలువ కూడా కట్టిన రోజే చిన్నదైపోయినట్టు. దీనికి తోడు కింద మట్టి మిగలట్లేదు. మట్టిలో ఇంకాల్సిన నీళ్లు కాంక్రీటు మీద, తారు మీద జారి ఒకేసారి కాలువలోకి దూకుతాయి. కాబట్టి మొట్టమొదట చేయాల్సిన పని బుల్డోజర్లతో కాదు, ఆఫీసులో కూర్చుని చేయాల్సింది. డిజైన్‌కి వాడే వాన లెక్కను కొత్త రికార్డులతో సరిచేయాలి, రాబోయే ముప్పై ఏళ్లకు కొంత మార్జిన్ పెట్టాలి. ఇది ఎవరికీ కనిపించదు, దీనికి ప్రారంభోత్సవం ఉండదు, అందుకే వెనకబడిపోతుంది.

నీళ్లు నిలబెట్టే చోట్లు మాత్రం కనిపిస్తాయి. కోపెన్‌హాగన్‌లోని ఎంగేవ్ పార్కును లోతు చేసి, చుట్టూ తక్కువ ఎత్తు గోడ కట్టారు. మామూలు రోజుల్లో జనం కూర్చునే గోడ అదే, కుంభవృష్టి పడితే నీళ్లను ఆపే కట్ట కూడా అదే. దాదాపు 2.26 కోట్ల లీటర్లు అందులో ఆగుతాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2013లో బెంథెమ్‌ప్లెయిన్ అనే చోట ఒక కూడలిని ఇలాగే కట్టారు. మామూలప్పుడు పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుకునే పల్లపు మైదానం, వాన పడితే 17 లక్షల లీటర్లు పట్టే కుంట. వాన తగ్గాక నీళ్లు మెల్లగా బయటికి వెళ్లిపోతాయి. స్థలానికి కటకటగా ఉండే మహానగరంలో వరద కోసమే అంటూ భూమి విడిగా ఉంచడం కుదరదు కాబట్టి ఒకే స్థలం రెండు పనులు చేయాలి. సింగపూర్‌లో బిషన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తీసేసి, వంపులు తిరిగే ఏరులా మళ్లీ పారించారు. వాన పడితే ఏరు పార్కులోకి పరుచుకుంటుంది, జనం గట్టు మీదికి జరుగుతారు.

అయితే దీనికీ హద్దుంది, దాన్ని దాచి చెప్పడం ప్రమాదం. చైనాలోని ఝెంగ్‌ఝౌ నగరం 'స్పాంజ్ సిటీ' పేరుతో నీళ్లు ఇంకే నేలలకు, కుంటలకు చాలా ఖర్చుపెట్టింది. 2021 జులై 20న అక్కడ ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. ఏ స్పాంజీ అంత నీటిని పీల్చుకోలేదు. నీళ్లు మెట్రో సొరంగంలోకి దూసుకొచ్చి, ఐదో లైను రైల్లో జనం ఛాతీ దాకా, మెడ దాకా నీళ్లలో ఇరుక్కుపోయారు, 14 మంది చనిపోయారు. అంతకు ముందే వాతావరణ శాఖ అత్యంత తీవ్రమైన రెడ్ హెచ్చరికలు జారీ చేసింది. రైళ్లు నడుస్తూనే ఉన్నాయి, ఆఫీసులు తెరిచే ఉన్నాయి. తర్వాత చైనా కేంద్ర ప్రభుత్వం జరిపిన విచారణలో అధికారుల అలసత్వాన్నే గట్టిగా తప్పుపట్టారు. ఇందులో ఇంజినీరింగ్ కన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. రెడ్ హెచ్చరిక వచ్చిన క్షణంలో రైలు ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? పైనుంచి ఫోన్ వచ్చేదాకా ఆగాలా, లేక కంట్రోల్ రూమ్‌లో డ్యూటీలో ఉన్న మనిషి తనంతట తానే ఆపేయొచ్చా? 'అనవసరంగా ఆపావు' అని తర్వాత ఆ మనిషికి మెమో ఇవ్వరని గ్యారంటీ ఉందా? ఆ గ్యారంటీ కాగితం మీద ఉన్న నగరానికీ లేని నగరానికీ మధ్య తేడా ప్రాణాల్లో కనిపిస్తుంది.

భారీ నిర్మాణాల సంగతి కొంచెం చెప్పుకుంటే చాలు. టోక్యో శివార్లలో భూమికి 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల వరద సొరంగం ఉంది, ఒక్కోటి 500 టన్నులుండే 59 స్తంభాల హాలు ఉంది, సెకనుకు 200 టన్నుల నీటిని నదిలోకి తోడే పంపులున్నాయి. 2006లో పూర్తయింది, కట్టడానికి పదేళ్లకు పైనే పట్టింది. అది పనిచేస్తోంది, సందేహం లేదు. కానీ వీధి చివర మ్యాన్‌హోల్ జాలీకి ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడితే నీళ్లు ఆ సొరంగం దాకా పోనే పోవు. వానాకాలానికి ముందు పూడిక తీసే కాంట్రాక్టు సమయానికి ఇవ్వడం, తీసిన పూడిక కాలువ గట్టునే కుప్పపోయకుండా అదే రోజు ఎత్తించడం వాతావరణ మార్పు ప్లాన్‌లో భాగమేనని ఎవరూ రాయరు. రాయాలి. కొత్తగా కట్టడానికి నిధులు దొరికినంత తేలిగ్గా కట్టినదాన్ని చూసుకోవడానికి దొరకవు, చాలా నగరాలు దెబ్బతినేది ఇక్కడే.

ఇంకొక చోట కూడా దెబ్బతింటాయి, అది ఎవరూ చూడని చోట. 2012 అక్టోబర్ 29న శాండీ తుపాను ఉప్పెన న్యూయార్క్‌ని ముంచింది. మాన్‌హట్టన్ తూర్పు ఒడ్డున ఉన్న బెల్‌వ్యూ ఆస్పత్రి కరెంటు పోతుందని ముందే ఊహించి, ఎమర్జెన్సీ జనరేటర్లను 13వ అంతస్తులో పెట్టుకుంది. అక్కడిదాకా ఏ వరదా రాదు. కానీ వాటికి డీజిల్ తోడే పంపులు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. బేస్‌మెంట్ మునిగింది, పంపులు ఆగాయి, లిఫ్టులు ఆగాయి. డాక్టర్లు, నర్సులు, సిబ్బంది మెట్ల మీద వరసగా నిలబడి డీజిల్ క్యాన్లు చేతికి చేయి అందించుకుంటూ 13 అంతస్తులు ఎక్కించారు. చివరికి వందల మంది రోగులను ఖాళీ చేయించక తప్పలేదు. జనరేటర్ పైన పెట్టాలని తట్టినవాళ్లకు డీజిల్ ఎలా పైకెక్కుతుందన్నది తట్టలేదు. నగరంలో ఏ సేవ చూసినా ఇలాంటి ఒక గొలుసు ఉంటుంది. మంచినీళ్ల పంపింగ్‌కి కరెంటు కావాలి, కరెంటుకి సబ్‌స్టేషన్ కావాలి, సబ్‌స్టేషన్ ఆపరేటర్ డ్యూటీకి రావడానికి రోడ్డు కావాలి, ఫోన్ టవర్‌కి బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో ఎవరికైనా తెలియాలి. ఒక్కో శాఖ తన భాగం వరకు చూసుకుంటే సరిపోదు. జల మండలి, విద్యుత్ సంస్థ, ఆస్పత్రులు, టెలికాం కంపెనీలు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుని, 'రేపు ఈ సబ్‌స్టేషన్ మునిగింది, ఆ తర్వాత ఏమవుతుంది' అని గంట గంటకీ రాసుకుంటే ఇలాంటి లొసుగులు బయటపడతాయి. దీనికి కోట్లు అక్కర్లేదు, రెండు రోజులు కూర్చునే ఓపిక కావాలి.

అదే న్యూయార్క్‌లో 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను తాలూకు వాన పడ్డప్పుడు సెంట్రల్ పార్కు దగ్గర గంటలో 80 మిల్లీమీటర్లు నమోదైంది. నగరంలో 13 మంది చనిపోతే వారిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. శాండీ తర్వాత తీరం వెంబడి ఉప్పెన గురించి అంత ఆలోచించిన నగరం, ఈసారి తీరానికి దూరంగా పైనుంచి పడిన వానకు దెబ్బతింది. బేస్‌మెంట్ ఇళ్లలో చాలావాటికి అనుమతి ఉండదు, అనుమతి లేని ఇల్లు రికార్డులో ఉండదు, రికార్డులో లేని మనిషికి హెచ్చరిక అందదు. అక్రమమంటూ ఖాళీ చేయిస్తే వాళ్లు ఇంకో చవకైన, ఇంకా ప్రమాదకరమైన గదికి పోతారు. వాళ్లను భయపెట్టకుండా లెక్కలోకి తెచ్చుకోవడం ఎలాగన్నది ప్రతి పెద్ద నగరం తేల్చుకోవాలి, ఎందుకంటే చవక అద్దెలు ఎప్పుడూ ముంపు ప్రాంతాల్లోనే ఉంటాయి.

ఇక ఎండ. వరదకు వీడియోలుంటాయి, వడదెబ్బకు ఉండవు. మనిషి ఒక గదిలో నిశ్శబ్దంగా చనిపోతాడు, డెత్ సర్టిఫికెట్ మీద గుండెపోటు అని ఉంటుంది. 1995 జులైలో షికాగోలో వచ్చిన వేడి గాలులకు సుమారు 739 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. చాలామంది వృద్ధులు, ఒంటరిగా ఉండేవాళ్లు, దొంగల భయంతో తలుపులూ కిటికీలూ బిగించుకున్నవాళ్లు. 2003 ఎండాకాలంలో యూరప్ మొత్తం మీద 70 వేలకు పైగా మరణాలు, ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 15 వేలు. ఆ తర్వాత పారిస్ ఒంటరి వృద్ధుల పేర్లతో రిజిస్టర్ పెట్టుకుని, ఎండలు ముదిరినప్పుడు వాళ్లకు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కునే పద్ధతి తెచ్చింది. ఫోన్ ఎత్తకపోతే మనిషి వెళ్లి చూస్తాడు. ఇంతకన్నా చవకైన రక్షణ ఇంకొకటి లేదు.

మన దేశంలో అహ్మదాబాద్ ఈ విషయంలో చాలా నగరాల కంటే ముందుంది. 2010 మే నెలలో అక్కడ పాదరసం 46.8 డిగ్రీలు తాకింది, మామూలు మే నెలతో పోలిస్తే 1,300కు పైగా ఎక్కువ మరణాలు నమోదయ్యాయి. 2013లో ఆ నగరం హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చింది, దక్షిణాసియాలో ఇలాంటిది అదే మొదటిది. 41 డిగ్రీలు దాటితే ఎల్లో, 43 దాటితే ఆరెంజ్, 45కి చేరితే రెడ్ అలర్ట్. ఒక్కో రంగుకి ఎవరు ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. అక్కడి ఒక ఆస్పత్రి కథ ఈ పని ఎంత చిన్న చిన్న మార్పులతో అవుతుందో చూపిస్తుంది. బాలింతల వార్డు పై అంతస్తులో, ఎండకు కాలిపోయే స్లాబు కిందే ఉండేది. వేసవి ముదిరితే ఒళ్లు వేడెక్కిన పసిగుడ్డులను ఐసీయూలో చేర్చాల్సి వచ్చేది. ఆ వార్డును కింది అంతస్తుకి మార్చారు, చేరికలు తగ్గాయి. కొత్త మెషీన్ లేదు, కొత్త బిల్డింగ్ లేదు, మంచాలు కిందికి జరిగాయంతే.

ఎండలో ప్రాణం తీసేది చాలాసార్లు మధ్యాహ్నం కాదు, రాత్రి. పగలంతా వేడిని తాగిన కాంక్రీటు రాత్రంతా దాన్ని వదులుతూనే ఉంటుంది. ఒంటికి చల్లబడే టైమ్ దొరకదు. మూడు నాలుగు రాత్రులు అలా గడిస్తే గుండె, కిడ్నీలు తట్టుకోలేవు. అందుకే పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి అలర్ట్ ఇవ్వడం సరిపోదు, రాత్రి కనిష్ఠం ఎంత, గాలిలో తేమ ఎంత అన్నదీ చూడాలి. ఏసీలు ప్రాణాలు కాపాడతాయి, ఆస్పత్రుల్లో, వృద్ధుల ఇళ్లలో ఉండాల్సిందే. కానీ ప్రతి ఏసీ లోపలి వేడిని బయటి వీధిలోకే పోస్తుంది, ఏసీ లేనివాడు ఆ వీధిలోనే పడుకుంటాడు. అందరూ ఒకేసారి వేస్తే లోడు ఎక్కువై ఫీడర్ ట్రిప్ అయి, పేటంతా కరెంటు పోయేది కూడా ఆ రాత్రే. స్లాబు మీద తెల్ల పెయింట్, గాలి ఆడే కిటికీ, బస్టాపుకి నీడ లాంటివి ముందు చేసి, ఏసీని ఆ తర్వాత పెట్టుకునే క్రమం నగరానికి మంచిది.

చెట్ల విషయంలో ఒక్క మాట. కొలంబియాలోని మెడెయిన్ నగరం 2016 నుంచి రోడ్ల వెంట, వాగుల వెంట 30 పచ్చని దారులు పెంచింది, ఆ చుట్టుపక్కల ఉష్ణోగ్రత సుమారు రెండు డిగ్రీలు తగ్గిందని నగర లెక్కలు చెబుతున్నాయి. అక్కడ పేద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లను తోటమాలులుగా తయారుచేసి, జీతమిచ్చి ఆ మొక్కలను చూసుకునే పని అప్పగించారు. ఇదే అసలు సంగతి. లక్షల మొక్కలు నాటామని ప్రకటించే నగరాలు మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో కూడా ప్రకటించాలి. ఎక్కడ నాటుతున్నారో కూడా చూడాలి. అమెరికాలో 108 నగరాలను పరిశీలిస్తే, 1930లలో బ్యాంకు అప్పులు ఇవ్వకూడదని ఎర్రగీత గీసిన పేటలు, వాటిలో ఎక్కువ నల్లజాతివాళ్లవి, ఈనాటికీ మంచి పేటల కంటే సగటున 2.6 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయని తేలింది. ఎనభై తొంభై ఏళ్ల కిందట ఆఫీసులో గీసిన గీత ఈ రోజు ఎండ రూపంలో తగులుతోంది. ఈ రోజు గీసే మాస్టర్ ప్లాన్ గీతలూ అలాగే తగులుతాయి.

వరద వచ్చే నగరానికే కరువూ వస్తుంది. 2018 మొదట్లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కుళాయిలు పూర్తిగా కట్టేసే రోజుకి దగ్గరపడి, మనిషికి రోజుకి 50 లీటర్లే అని కట్టడి చేసింది. ఛార్జీలు పెంచారు, పైపుల్లో ప్రెషర్ తగ్గించారు, లీకులు పట్టుకున్నారు, జనం స్నానం నీళ్లు టాయిలెట్‌కి వాడారు. కరువుకు ముందుతో పోలిస్తే వాడకం దాదాపు సగానికి పడిపోయింది, కుళాయిలు కట్టేసే రోజు రాలేదు. డబ్బున్నవాళ్లు మాత్రం బోర్లు వేసుకున్నారు. ఆ బోర్ల దారి ఎక్కడికి పోతుందో జకార్తా చూపిస్తోంది. సముద్ర మట్టం ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంటే, భూగర్భ జలాలు తోడేయడం వల్ల ఉత్తర జకార్తాలో కొన్ని చోట్ల నేలే ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన కుంగింది. అక్కడ సముద్రానికి గోడ ఎంత ఎత్తు కట్టినా గోడ కింది నేల దిగిపోతూనే ఉంటుంది. టోక్యోలోనూ ఒకప్పుడు ఇదే జరిగింది, తూర్పు పేటల్లో నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 1950, 60 దశకాల్లో చట్టాలు తెచ్చి భూగర్భ జలాల తోడివేతను కట్టడి చేశారు, ఆ తర్వాత కుంగుబాటు దాదాపు ఆగిపోయింది. బోరు మానమని చెప్పాలంటే ముందు కుళాయిలో నీళ్లు రావాలి. అంటే తీరప్రాంత నగరంలో సముద్రపు గోడ ఎంత ముఖ్యమో ప్రతి ఇంటికీ మంచినీటి పైపు అంత ముఖ్యం.

భవిష్యత్తులో సముద్రం ఎంత పెరుగుతుందో కచ్చితంగా తెలియకుండా గోడ ఎత్తు ఎలా నిర్ణయించాలన్న ప్రశ్నకు లండన్ ఒక మంచి దారి చూపింది. 1953 వరద తర్వాత ఆలోచన మొదలై, ఉప్పెన వచ్చినప్పుడు థేమ్స్ నదికి అడ్డంగా మూసే గేట్లు, అంటే థేమ్స్ బ్యారియర్, వాడకంలోకి వచ్చేసరికి 1982 అయింది. దాదాపు ముప్పై ఏళ్లు! అందుకే తర్వాతి ప్లాన్‌లో వాళ్లు ఒకే అంకెను పట్టుకుని కూర్చోలేదు. సముద్ర మట్టాన్ని, బ్యారియర్ మూయాల్సిన సార్లను కొలుస్తూ ఉంటారు, ఫలానా హద్దు దాటితే ఫలానా పని మొదలు. 2070 తర్వాత ఏం కట్టాలన్నది 2040 కల్లా తేల్చాలని గడువు పెట్టుకున్నారు. 'ఇంకా తెలియదు కదా' అని వాయిదా వేయడానికీ, తెలియని కాలానికి ఇప్పుడే వేల కోట్లు పోసేయడానికీ మధ్య ఈ దారి ఉంది.

కొన్ని చోట్ల మాత్రం గోడలు, పంపులు, చెట్లు ఏవీ చాలవు, అక్కడి నుంచి జనం కదలాల్సిందే. ఏ నాయకుడూ పలకడానికి ఇష్టపడని మాట ఇది. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో ఓక్‌వుడ్ బీచ్ వాసులు శాండీ తర్వాత తమ ఇళ్లు కొనేయమని తామే ప్రభుత్వాన్ని అడిగారు. తుపానుకు ముందున్న రేటు కట్టి ఇచ్చారు, ఇళ్లు పడగొట్టి ఆ నేలను మళ్లీ చిత్తడి నేలగా వదిలేశారు. అక్కడ పట్టాలున్నాయి, రేటుంది, అడిగే గొంతు ఉంది కాబట్టి పని జరిగింది. పట్టా లేని గుడిసెవాసి విషయంలో ఇదే పని తెల్లవారుజామున జేసీబీతో మొదలవుతుంది, పునరావాసం ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఒక బ్లాకులో ముగుస్తుంది. పనికి రావడానికి బస్సు లేకపోతే ఆరు నెలల్లో ఆ కుటుంబం మళ్లీ అదే వాగు ఒడ్డుకు చేరుతుంది. కొత్త ఇల్లు పనిచేసే చోటికి గంట ప్రయాణంలోపు ఉండాలి, పట్టా ఇంటి ఆడవాళ్ల పేరు మీద కూడా ఉండాలి, పిల్లల బడి మారే నెల చూసుకుని తరలించాలి, ఖాళీ అయిన నేలలో ఇంకో అపార్ట్‌మెంట్‌కి పర్మిషన్ ఇవ్వకూడదు. ఈ నాలుగూ రాతపూర్వకంగా చేతికివ్వని ప్లాన్‌ని జనం నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.